ఏడో బెంచీ పేరు చెప్పను

మా అన్నయ్య కూతురు ఈ మధ్య గల్ఫ్‌లో ఒక బడిలో సోషల్ టీచరుగా చేరింది. వెళ్ళేముందు ఫోన్ చేసి, అక్కడ క్లాసులో ఏవేం మాట్లాడకూడదో ఒక కాగితం మీద రాసియ్యమని అడిగింది. రాయనన్నాను. ఆ కాగితం చేరిన మొదటి రోజే బడివాళ్ళు ఇస్తారు. కింద సంతకం కూడా పెట్టించుకుంటారు. నేను రాయవలసింది ఆ కాగితంలో లేని సంగతులు. అందుకే ఇది, తనకూ తనలా కొత్తగా చేరేవాళ్ళకూ.

నేను అమెరికా చూడలేదు. వీసా కోసం ఏ గుమ్మం ముందూ నిలబడలేదు. అయినా కువైట్‌లోని హవల్లీలో, పేరు చెప్పనక్కర్లేని ఒక ప్రైవేటు బడిలో, తొమ్మిదేళ్ళు అమెరికా చరిత్ర, వాళ్ళ రాజ్యాంగం పాఠం చెప్పాను. అంతకుముందు రెండేళ్ళు అక్కడే భూగోళం. మొత్తం పదకొండేళ్ళు. తరవాత రిటైరయ్యేదాకా మరో బడిలో మన రాజ్యాంగం. ఎప్పుడు హెడ్ అయ్యాను, ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయి అన్నది ఇక్కడ రాయను. నేను చేసిన కొన్ని తప్పులు, ఒక మొండితనం గురించి రాస్తాను. తప్పులకు సిగ్గుపడుతున్నాను. మొండితనానికి పడటం లేదు.

పరీక్షకు రాని ప్రశ్న

తొంభైల నడుమ నేనూ మా అమ్మాయీ కువైట్ వెళ్ళాం. మాది అమలాపురం దగ్గర. మా ఆయన అప్పటికే అల్ రాయ్‌లో కార్ల స్పేర్‌పార్టుల గోడౌన్‌లో స్టోర్‌కీపరు. నేను ఎం.ఏ. చరిత్ర చదివి, బి.ఎడ్. చేసి ఉన్నాను. నేను చేరిన బడి అమెరికా సిలబస్‌ది. పిల్లల్లో కువైటీలు, ఈజిప్టు వాళ్ళు, లెబనాన్ వాళ్ళు, పాలస్తీనా వాళ్ళు, సూడాన్ వాళ్ళు, కొద్దిమంది మనవాళ్ళు.

నేను చేరిన రెండేళ్ళకు, అమెరికా చరిత్ర చెప్పే అమెరికన్ టీచరు ఒకాయన చలికాలం సెలవులకు వెళ్ళి తిరిగి రాలేదు. పై తరగతులకు సూపర్‌వైజరు హుదా మేడమ్. జోర్డాన్ ఆవిడ, మాట కరుకు, మనసు అంత కరుకు కాదు. ఆవిడ నన్ను పిలిచి, నువ్వు చరిత్ర చదివావు కదా, రేపటినుంచి ఇది చెప్పు అని లావుపాటి పుస్తకం చేతిలో పెట్టింది. పిల్లలకంటే ఒక్క పాఠం ముందుండేలా చదువుకుంటూ నెట్టుకొచ్చాను.

రెండో వారంలో ఒక సూడాన్ అమ్మాయి లేచింది. మనుషులంతా సమానంగా పుట్టారని రాసిన పెద్దమనుషుల ఇళ్ళలో బానిసలు ఉండేవారు కదా, మరి రాసేటప్పుడు వాళ్ళకు ఏమీ అనిపించలేదా అని అడిగింది. నాకు జవాబు తెలియదు. తెలియదనడానికి నామోషీ. అది పరీక్షకు రాదులే, కూర్చో అన్నాను. ఆ అమ్మాయి వాదించలేదు. పుస్తకం మూసి కిటికీవైపు తిరిగింది. నెల రోజులు అలాగే కూర్చుంది.

ఆ నెలంతా నేను చదివాను. చదివినకొద్దీ తెలిసిందేమిటంటే, ఆ పిల్ల అడిగిన ప్రశ్న చుట్టూనే ఆ దేశం చరిత్ర సగం నడిచింది. ఆ ప్రశ్న మీదే వాళ్ళు యుద్ధం చేసుకున్నారు. దాన్ని నేను పరీక్షకు రాదన్నాను. చివరికి క్లాసులో అందరి ముందూ, ఆ రోజు నాకు తెలియక తప్పించుకున్నాను అని ఒప్పుకుని, పాఠం మళ్ళీ మొదటినుంచి చెప్పాను. టీచరు తప్పు ఒప్పుకుంటే పిల్లల్లో చులకన అవుతుందని మా బి.ఎడ్.లో చెప్పారు. అది శుద్ధ అబద్ధం. ఆ రోజు నుంచే నా క్లాసులో చేతులు లేవడం మొదలైంది.

రాజ్యాంగానికి మొదట చేర్చిన పది సవరణలు, వాళ్ళ హక్కుల చట్టం, చెప్పేటప్పుడు పిల్లలకు ఒకటే మాట చెప్పేదాన్ని. ఇవి ప్రభుత్వం దయతలచి ఇచ్చిన బహుమతులు కావు, ప్రభుత్వానికి వేసిన ముకుతాడు అని. ఎద్దును చూడని పిల్లలకు ముకుతాడు బొమ్మ గీసి చూపించాల్సి వచ్చేది. మా బడిలో చాలా ఏళ్ళు ఆ బొమ్మ అమెరికా రాజ్యాంగం పాఠంలో భాగమైపోయింది.

కలం పేర్లు

కొత్త శతాబ్దం మొదట్లో ఇళ్ళల్లోకి ఇంటర్నెట్ వచ్చింది. వారానికి మూడు పీరియడ్లలో తెమలని వాదనలు పిల్లలు కారిడార్‌లో పడేవారు. కంప్యూటర్ టీచరును బతిమాలి ఒక చర్చావేదిక పెట్టించాను. బడి పిల్లలు, కాలేజీలకు వెళ్ళిన పాత పిల్లలు అందులో రాసుకోవచ్చు. విషయం ఒక్కటే: అమెరికా చరిత్ర, రాజ్యాంగంలో రాసిన హక్కులు. ఈ దేశం గురించి, మతం గురించి, ఇప్పటి రాజకీయం గురించి రాయకూడదు. ఆ నియమం నేనే పెట్టాను. భయంతోనే పెట్టాను. దాన్ని వేరే పేరుతో పిలవను.

ఆ దేశంలో రాజ్యాంగం ఒప్పుకోవాలా వద్దా అని తగువు జరిగినప్పుడు పత్రికల్లో చాలామంది కలం పేర్లతో రాశారని పాఠంలో ఉంది. మాకూ కావాలన్నారు పిల్లలు. సరేనన్నాను. ఒకరు పాత లాంతరు, ఒకరు ఊళ్ళోని పాత కోటగుమ్మం పేరు మీద జహ్రా గేటు, ఒకరు ఏడో బెంచీ. ఎవరైనా బూతులు రాస్తే పట్టుకోవడానికి ఏ పేరు ఎవరిదో ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టుకున్నాను. అలాంటి జాబితా తయారు చేయడం తప్పు. కాగితం మీద ఉన్నది ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు. నాకు ఆ సంగతి తరవాతగాని తలకెక్కలేదు.

ఆ వేదిక మీద పిల్లలు రాసింది క్లాసులో ఎప్పుడూ వినలేదు. నోరెత్తని పిల్ల ఒకతె, నేరం చేసినవాడికి కూడా మౌనంగా ఉండే హక్కు ఎందుకు ఉండాలో రెండు పేజీలు రాసింది. ఇంటిని సోదా చేయాలంటే కోర్టు కాగితం తేవాలన్న సవరణ మీద నెల రోజులు కొట్టుకున్నారు. హోంవర్క్ రాయమంటే తలనొప్పి వచ్చే పిల్లలు వీళ్ళే.

నేను గెలిచిన వాదన

జహ్రా గేటు కువైటీ కుర్రాడు. ఈ సంగతి రాయడానికి అతను తరవాత నాకు ఒప్పుదల ఇచ్చాడు కాబట్టి రాస్తున్నాను.

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా తన పడమటి తీరంలో ఉన్న జపాన్ సంతతి వాళ్ళను ఇళ్ళు ఖాళీ చేయించి శిబిరాలకు తోలింది. అందులో చాలామంది అక్కడే పుట్టిన పౌరులు. దానిమీద చర్చ పెట్టాను. అందరూ తప్పన్నారు. జహ్రా గేటు ఒక్కడే ఒప్పన్నాడు. యుద్ధం మీదికి వచ్చినప్పుడు ఎవరు శత్రువో ఇంటింటికీ వెళ్ళి విచారించే తీరిక ఉండదు, ముందు అందరినీ లోపల పెట్టి తరవాత చూసుకోవాలి అని రాశాడు.

నాకు ఒళ్ళు మండింది. అతని వాక్యాలు ఒక్కొక్కటే తీసుకుని కింద నా జవాబులు రాశాను. చివర, ఆలోచించి రాయడం నేర్చుకోమని ఒక చురక. మిగతా పిల్లలు మెచ్చుకున్నారు. వాదన గెలిచాను. జహ్రా గేటు మళ్ళీ వేదిక మీదికి రాలేదు.

పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్ళమ్మ వచ్చింది. కోపంగా రాలేదు. నెమ్మదిగా కూర్చుని, మా అబ్బాయి మీ క్లాసంటే ఇష్టపడేవాడు, ఇప్పుడు పుస్తకం తీయడం లేదు అంది. తరవాత చెప్పింది. ఇరాక్ సేనలు వచ్చిన ఆ నెలల్లో తన తమ్ముణ్ణి ఎవరో చూపించి పట్టించారట. వీధిలో వాళ్ళే ఎవరో అయ్యుంటారని ఇంట్లో నమ్మకం. అతను తిరిగి రాలేదు. ఆ మేనమామ పేరే ఈ పిల్లాడికీ పెట్టారు.

అతను రాసింది తప్పని ఇప్పటికీ అంటాను. కానీ మార్కులు వేసే చేతితో అతని నోరు నొక్కాను. భావప్రకటన స్వేచ్ఛ గురించి పాఠం చెబుతూ ఆ పని చేశాను. వేదిక మీద నా అసలు పేరుతో క్షమాపణ రాశాను. నీతో ఏకీభవించను, కానీ నిన్ను అలా అనే హక్కు నాకు లేదు అని.

నెల తరవాత అతను రెండు వాక్యాలు రాశాడు. కోర్టు తీర్పు చదివాను, నా అభిప్రాయం మారలేదు. కానీ ఆ తీర్పుతో ఒప్పుకోని జడ్జీలు రాసింది రెండుసార్లు చదివాను.

నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన మెప్పు ఏదైనా ఉందంటే ఆ రెండోసారి చదవడమే.

వర్జీనియాలో ఒక ఇల్లు

బానిసత్వాన్ని రద్దు చేసిన పదమూడో సవరణ చెప్పేటప్పుడు ఒక తేడా గట్టిగా చెప్పేదాన్ని. మిగతా హక్కులు చాలావరకు ప్రభుత్వం చేతులు కడతాయి. ఇది అలా కాదు, మామూలు ఇంటి యజమాని చేతులు కూడా కడుతుంది. మనిషిని బలవంతంగా పనిలో ఉంచుకోకూడదు, ఎవరూ, ఎక్కడా.

మా క్లాసులు తుడిచే కుల్సుంబీ ఒకరోజు బోర్డు మీది రాత చూసి ఏం రాశావని అడిగింది. రాయచోటి దగ్గర పల్లె ఆమెది. మొదట ఇళ్ళల్లో పనిచేసి, తరవాత క్లీనింగ్ కంపెనీలో చేరి మా బడికి వచ్చింది. ఎవరినీ బలవంతంగా పనిలో పెట్టుకోకూడదని అమెరికావాళ్ళు రాసుకున్నారని చెప్పాను.

"మమ్మల్ని ఎవురూ బలవంతంగా తేలేదు గదా మేడం, మేమే వస్తిమి," అంది. "వచ్చినాంక కదా తెలిసేది. నా పాస్‌పోర్టు మామా బీరువాలో తొమ్మిదేండ్లు ఉన్న్యాది. మా నాయన సచ్చిపోతే పోతానంటి. పండగ అయినాంక పొమ్మనె."

మామా అంటే అక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని పిలిచే పిలుపు. ఆమె తుడుస్తూనే చెప్పింది. నేను వింటూ బోర్డు చెరిపాను. అంతే. అప్పుడు నేను ఏమీ చేయలేదు.

ఆ వారమే వేదిక మీద ఏడో బెంచీ ఒక ప్రశ్న రాసింది. ఏడో బెంచీ అబ్బాయో అమ్మాయో కూడా ఇక్కడ చెప్పను. తెలుగులో క్రియ రాస్తే తెలిసిపోతుంది కాబట్టి బెంచీ అనే రాస్తాను, బెంచీకి ఆడా మగా లేదు. ప్రశ్న ఇది: "వర్జీనియాలో ఒక ఇల్లు ఉందనుకోండి. దూరదేశం నుంచి ఒకావిడ ఆ ఇంట్లో పనికి వచ్చింది. తన ఇష్టంతోనే వచ్చింది. జీతం ఇస్తున్నారు. కానీ ఆవిడ పాస్‌పోర్టు ఇంటాయన లాకర్‌లో ఉంది. వాళ్ళమ్మకు జబ్బు చేసింది, వెళతానంది, వీల్లేదన్నారు. పదమూడో సవరణ ప్రకారం ఆ ఇల్లు నేరం చేసినట్టేనా?"

వర్జీనియా అని రాస్తే నా నియమం తప్పినట్టు కాదు. కానీ ఆ ఇల్లు ఎక్కడుందో చదివిన ప్రతివాడికీ తెలుసు. తీసేయడానికి చేయి వెళ్ళింది. తీసేస్తే మళ్ళీ పరీక్షకు రాదని చెప్పినట్టే. ఉంచాను.

పిల్లలు బ్రహ్మాండంగా వాదించారు. జీతం ఇస్తే బానిసత్వం ఎలా అవుతుందని ఒకరు. ఇష్టంతో రావడం వేరు, ఇష్టంతో ఉండడం వేరని ఒకరు. పాస్‌పోర్టు పోతుందని భద్రంగా పెట్టారేమోనని ఒకరు. అలాగైతే తాళంచెవి ఎవరి దగ్గర ఉందో చెప్పమని ఇంకొకరు. అప్పుడు జహ్రా గేటు ఒక్క ముక్క రాశాడు. "టీచర్, మీ పాస్‌పోర్టు ఎక్కడుంది?"

రెండు రోజులు జవాబు రాయలేకపోయాను. చేరిన రోజు ఇఖామా, అంటే అక్కడ ఉండే అనుమతి, వేయించాలని తీసుకున్నారు. సెలవులకు వెళ్ళేటప్పుడు సంతకం పెట్టి తీసుకోవడం, రాగానే తిరిగి ఇచ్చేయడం. అందరు టీచర్లదీ అదే తంతు. పదకొండేళ్ళుగా అది నాది అని నాకు గుర్తే రాలేదు. మూడో రోజు రాశాను. బడి ఆఫీసు బీరువాలో ఉంది. ఇమ్మని ఎప్పుడూ అడగలేదు. అడగకపోవడం నా తప్పు. రేపు అడుగుతాను.

మర్నాడు పొద్దున్నే ఒక దరఖాస్తు రాసి ఆఫీసులో ఇచ్చాను.

మూడు ఉత్తరాలు

ఆదివారం నన్ను పిలిచారు. బడి యజమాని మేనల్లుడు మేనేజరుగా ఉండేవాడు. అతనూ హుదా మేడమూ ఉన్నారు. మేము మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే, నేను తెలుగులో రాస్తున్నాను. బల్ల మీద నా దరఖాస్తు ఉంది. దాని పక్కన ముగ్గురు తండ్రులు రాసిన ఉత్తరాలు ఉన్నాయి.

ముగ్గురిదీ ఒకటే ఫిర్యాదు. మా ఇంటి గుట్టు మీ బడి వేదిక మీద రచ్చకెక్కింది, మా పిల్లలే రాశారు, ఒప్పుకోవడం లేదు, ఆ టీచరును అడిగి తేల్చండి అని. ముగ్గురూ వేరువేరు ఇళ్ళవాళ్ళు. ఒకరికొకరు తెలియదు. ఏడో బెంచీ ఒక్కరే. కాబట్టి వాళ్ళలో కనీసం ఇద్దరు పొరబడ్డారు. పొరబడి తమ ఇల్లే అనుకున్నారు. ఊరిపేరు లేని, మనిషిపేరు లేని ప్రశ్న అది. అది చదివి ముగ్గురు పెద్దమనుషులు భుజాలు తడుముకున్నారు. ఆ ఉత్తరాలు చూస్తుంటే నా భయం సగం పోయింది.

మేనేజరు మర్యాదగానే మొదలుపెట్టాడు. కలం పేర్ల జాబితా మీ దగ్గర ఉందని పిల్లలు చెబుతున్నారు, తెచ్చి ఇవ్వండి, వేదిక మూసేద్దాం, అంతటితో అయిపోతుంది అన్నాడు. లేదని అబద్ధం చెప్పొచ్చు. కానీ అబద్ధం చెబితే నేను ఇవ్వనన్నట్టు అవదు, తప్పించుకున్నట్టు అవుతుంది.

"నోట్‌బుక్కు ఉంది," అన్నాను. "ఇవ్వను."

ఎందుకు ఇవ్వవని అడిగాడు. పేర్లు బయటికి రావని పిల్లలకు మాట ఇచ్చాను, ఆ మాట మీదే వాళ్ళు రాశారు అన్నాను. ఇది అమెరికా కాదన్నాడు. అమెరికాలో మాట ఇవ్వలేదు, హవల్లీలో ఇచ్చాను అన్నాను. హుదా మేడమ్ తల దించుకుంది. నవ్వు ఆపుకుందో, నాకోసం భయపడిందో.

అప్పుడు ఆవిడే ఒక దారి చూపించింది. పేరు చెప్పొద్దు, ఈ మూడు ఇళ్ళూ కావని ఒక్క మాట చెప్పు, లేదా వీటిలో కానివి ఏవో చెప్పు, నిన్ను నేను కాపాడుకుంటాను అంది. మంచి మనసుతోనే అంది. ఆ మాట చెబితే నా ఉద్యోగం నిలిచేది. కానీ కానివాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ తీసేసుకుంటూ పోతే చివరికి మిగిలేది ఎవరు? కాదు అనడం కూడా చెప్పడమే. మౌనంగా ఉండే హక్కు గురించి ఏటేటా పాఠం చెప్పి, అది ఎందుకు పూర్తిగా మౌనంగా ఉండాలో నాకు ఆ కుర్చీలో కూర్చున్నాకే అర్థమైంది. సగం మౌనం చెల్లదు.

నేను నోరు విప్పలేదు. మేనేజరు చేతులు దులుపుకున్నాడు.

"ఖలాస్," అన్నాడు. "జూన్ తరవాత మీ కాంట్రాక్టు లేదు."

"నా పాస్‌పోర్టు?" అని అడిగాను. జూన్‌లో ఇస్తామన్నారు. దరఖాస్తు మీద ఆ మాట రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టలేదు. బజర్‌లా మోగే ఫోన్ ఎత్తి అరబ్బీలో మాట్లాడుతూ నన్ను వెళ్ళమని చేయి ఊపాడు.

ఇంటికెళ్ళి చెబితే మా ఆయన మండిపడ్డారు.

"తిన్నగా పాఠం చెప్పుకుని రాక నీకెందుకొచ్చిన గొడవే ఇది? ఆళ్ళు రిలీజు ఇవ్వకపోతే ఏం చేత్తావు? పిల్లని చదువు మాన్పించి ఊరెళ్ళిపోదామా?"

పాత యజమాని రిలీజు కాగితం ఇవ్వనిదే అక్కడ ఇంకో ఉద్యోగంలో చేరడానికి లేదు. ఆయన అన్నదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. నేను అదే చెప్పాను. మీరన్నది నిజమే, కానీ ఆ పేరు నేను చెప్పలేను, చెబితే రేపటినుంచి క్లాసులో నిలబడలేను అన్నాను. ఆయన మూడో రోజు సాయంత్రం గోడౌన్ నుంచి వచ్చి, జేబులోంచి తన పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టారు. తన కఫీల్‌ని, అంటే వీసా ఇప్పించిన యజమానిని, అడిగారట. ఆ ముసలాయన నవ్వి, ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదు అని సొరుగులోంచి తీసి ఇచ్చాడట. మా ఆయన ఆ సంగతి చెబుతూ నవ్వలేదు. నేనూ నవ్వలేదు. అంతమందీ అంత తేలిగ్గా ఇస్తారని కాదు. ఇచ్చేవాణ్ణి కూడా మేము అడగలేదు, అదీ సంగతి.

బీగంచెవి

ఏడో బెంచీ నా దగ్గరికి వచ్చిన మాట నిజం. ఆ వారమే, లైబ్రరీలో. నేనే వెళ్ళి ఒప్పేసుకుంటాను, మీ ఉద్యోగం పోకూడదు అన్న మాట విన్నాను. ఒప్పుకోవడం నీ ఇష్టం, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒప్పుకో, కానీ నా ఉద్యోగం కోసం మాత్రం వద్దు, అది నేను పోగొట్టుకున్నది, నా లెక్క అని చెప్పాను. ఇంతకంటే రాయను.

మర్నాడు స్టాఫ్ రూముకి వెళితే నా బీరువాలో తాళంచెవి దూరడం లేదు. తాళం కన్నంలో ఏదో ఇరుక్కుని ఉంది. మెకానిక్ కోసం కబురు పెట్టారని, రావడానికి రెండు రోజులు పడుతుందని చెప్పారు. కుల్సుంబీ నీళ్ళ బకెట్ కింద పెట్టి, తలుపు దగ్గర ఎవరూ లేరని చూసుకుని నా పక్కకు వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆఫీసువాళ్ళు ఆమెను పిలిచారట. గదుల, బీరువాల తాళంచెవులన్నీ ఆమె దగ్గరే ఉంటాయి. టీచరు బీరువా తీసి నోట్‌బుక్కులన్నీ పట్టుకురమ్మన్నారట.

తాళంచెవి విరిగిందా అని అడిగాను.

"ఇరగలేదు మేడం," అంది కుల్సుంబీ. "ఇరగ్గొడితి. బీగంలో పెట్టి అడ్డంగా తిప్పితి. ఇరిగిపాయ సార్, అంటి."

ఆ బీరువాలో సుద్దముక్కలు, మ్యాపులు, పాత పరీక్ష పేపర్లు తప్ప ఏమీ లేవు. నోట్‌బుక్కు మొదటినుంచీ నా చేతిసంచిలోనే ఉంది. ఆమెకు ఆ సంగతి తెలియదు. చెప్పాను. కుల్సుంబీ బకెట్ మళ్ళీ ఎత్తుకుని, పోనీలే, ఉందనుకునే చేసినా కదా అంది.

నాకు డిగ్రీలు ఉన్నాయి, మొగుడు ఉన్నాడు, ఇంకో బడి దొరుకుతుందన్న ఆశ ఉంది. ఆమెకు అవేమీ లేవు. నేను ఒక కుర్చీలో కూర్చుని ఇవ్వను అన్నాను, దానికే నన్ను నేను మెచ్చుకుంటూ తిరుగుతున్నాను. ఈ వృత్తిలో ధైర్యం గురించి ఎవరైనా నన్ను అడిగితే నేను నా కథ చెప్పను, ఈమె కథ చెబుతాను. వారం తిరక్కుండా ఆమె దగ్గరనుంచి తాళంచెవులు తీసుకుని, చిన్నపిల్లల బస్సులు తుడిచే పనికి మార్చారు. ఎండలో పని. నన్ను చూసినప్పుడల్లా చేయి ఊపేది.

బీరువా సంగతి తెలిసిన ఆ సాయంత్రమే నోట్‌బుక్కును బకెట్ నీళ్ళలో నానబెట్టాను. మా ఆయన పక్కన పీట వేసుకుని కూర్చుని, నానిన కాగితాలు ఒక్కొక్కటే పిండి ముద్ద చేశారు. ఒక్క పేరైనా చదవలేదు. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

తరవాత

జూన్‌లో నా పాస్‌పోర్టు చేతికి వచ్చింది. రిలీజు కాగితం మాత్రం వేసవి అంతా తిప్పించారు. ఎండల్లో ఆఫీసుల చుట్టూ తిరిగాను. చివరికి హుదా మేడమే మేనేజరు గదిలోకి వెళ్ళి, ఆ కాగితం సంతకం అయ్యేదాకా కుర్చీలోంచి లేవనని కూర్చుందట. ఆవిడ నా బాస్. నన్ను కాపాడలేకపోయింది. కానీ ఆ పూట కుర్చీలోంచి లేవలేదు. మీ బాస్ గురించి ఏ అభిప్రాయానికైనా వచ్చేముందు ఇలాంటి పూట ఒకటి ఉందేమో చూడండి.

కువైట్‌లోనే మన సిలబస్ ఉన్న కొత్త బడిలో మన రాజ్యాంగం చెప్పాను. అక్కడా ఒక చర్చావేదిక పెట్టాను. కలం పేర్లు పెట్టాను. జాబితా మాత్రం పెట్టలేదు. మీరూ పెట్టకండి. మీ దగ్గర లేనిది మిమ్మల్నెవరూ అడగలేరు. మీ కాగితాలు మీ దగ్గరే ఉంచుకోండి. ఇవ్వకపోతే రాసి అడగండి. పాఠంలో ఉన్న మాటకీ, మీరు బతికే తీరుకీ మధ్య దూరం ఉంటే పిల్లలు మీకంటే ముందే కనిపెడతారు. ఏదో ఒకనాడు అడుగుతారు కూడా. ఆ రోజు రెండు రోజులు ఆలోచించినా ఫరవాలేదు, మూడో రోజు నిజం రాయండి.

ఊరక సర్దుకుపోయి ఉంటే ఇంకో ఇరవై ఏళ్ళు అక్కడే హాయిగా చెప్పుకునేదానివి కదా అని మా వాళ్ళు ఇప్పటికీ అంటారు. అవును. హాయిగా చెప్పేదాన్ని. ఏం చెప్పేదాన్నన్నదే నాకు తెలియదు.

కొత్త బడిలో చేరిన కొన్ని నెలలకు ఒక శుక్రవారం మధ్యాహ్నం హుదా మేడమ్ ఫోన్ చేసింది. కుశలం అడిగాక, నీకు ఒక కబురు చేరవేయాలి అంది. ఉత్తరాలు రాసిన ముగ్గురిలో ఒకాయన, నేను వెళ్ళిపోయాక బడికి వచ్చాడట. ఆ టీచరు చివరికి మా ఇంటి పేరు చెప్పిందా అని అడిగాడట. ఎవరి పేరూ చెప్పలేదందట ఈవిడ. పోనీ మాది కాదని అయినా చెప్పిందా అన్నాడట. కాదనీ చెప్పలేదందట. ఆయన లేచి వెళుతూ గుమ్మం దగ్గర ఆగాడట. మా పనావిడ పాస్‌పోర్టు ఆవిడ చేతికే ఇచ్చేశాను, ఊరికి కూడా పంపించాను, ఆ టీచరు కనిపిస్తే చెప్పండి అన్నాడట.

భయపడి ఇచ్చాడో, సిగ్గుపడి ఇచ్చాడో తనకు అంతుపట్టలేదని హుదా మేడమ్ అంది. తరవాత గొంతు తగ్గించి, ఇక్కడ ఇద్దరమే ఉన్నాం, నీ ఉద్యోగం కూడా ఎప్పుడో పోయింది, ఇప్పుడైనా చెప్పు, అది ఆయన ఇల్లేనా అని అడిగింది.

"ఇచ్చేశాడుగా మేడమ్," అన్నాను. "ఇంక ఎవరి ఇల్లయితేనేం."